ఏటికొప్పాక లక్క రంగు: ఒక పూత చరిత్ర

తూర్పు కనుమల మన్యం మైదానంలోకి దిగే చోట నర్సీపట్నం ఉంది. చింతపల్లి, లంబసింగి కొండల మీది నుంచి వచ్చే దారీ, తుని, అనకాపల్లి వైపుల నుంచి వచ్చే దారులూ ఇక్కడ కలుస్తాయి కాబట్టి, కొండ సరుకు మైదానానికీ మైదానపు సరుకు కొండకూ చేరడంలో ఈ ఊరు చాలాకాలంగా ముఖ్యమైన మజిలీగా ఉంటూ వచ్చింది. దీనికి ఆగ్నేయ దిక్కున, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక గ్రామం, అడవిలో పెరిగే ఒక మెత్తని కర్రనూ, చెట్ల కొమ్మల మీద పురుగులు కూర్చిన లక్కనూ కలిపి, పిల్లల ఆటవస్తువులకూ ఇంటి సామానుకూ రంగు పూయడాన్ని తరతరాల వృత్తిగా చేసుకుంది. పొరుగున ఉన్న నక్కపల్లిలోనూ ఇదే పని సాగింది. ఈ రెండు ఊళ్లూ 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి, ఆ తరువాత కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరాయి.

ఒక వస్తువుకు ఏ రంగు వేయాలి, ఎలా వేయాలి అనే ప్రశ్నను సాధారణంగా అందానికి సంబంధించినదిగానే చూస్తారు. వృత్తి చేసేవారికి మాత్రం అది నాలుగు ప్రశ్నల కలయిక: రంగు దేని మీద నిలవాలి, దేనిలో కలిసి నిలవాలి, ఎక్కడి నుంచి రావాలి, చివరికి ఎవరి చేతికి చేరాలి. ఏటికొప్పాక చరిత్రలో ఈ నాలుగూ ఒకదాని వెంట ఒకటి ముందుకు వచ్చాయి. మొదటి రెండింటికి ఆ ఊరి పనివారు చాలా ముందే స్థిరమైన సమాధానం కనుగొన్నారు. మూడోది పారిశ్రామిక యుగంలో తారుమారైంది. నాలుగోది ఇరవయ్యో శతాబ్దం చివర్లో మొత్తం వృత్తినే పునరాలోచనలో పడేసింది. అక్కడ మొక్కల రంగులు తిరిగి వచ్చాయని చెప్పుకోవడం పరిపాటి అయింది గానీ, ఆ మార్పును దగ్గరగా చూస్తే అది వెనక్కి నడిచిన నడక కాదని, పాత పదార్థాలతో కొత్త విద్యను కూర్చుకున్న ప్రయత్నమని తెలుస్తుంది.

కర్ర

ఏటికొప్పాక బొమ్మకు ఆధారం అంకుడు కర్ర. వృక్షశాస్త్రంలో రైటియా టింక్టోరియా అని పిలిచే ఈ చెట్టు, గాటు పెడితే పాలు కారే జాతికి చెందిన చిన్న చెట్టు; తూర్పు కనుమల పొడి అడవుల్లోనూ దక్కను పీఠభూమిలోనూ సహజంగా పెరుగుతుంది. దాని ఆకుల నుంచి నీలి వంటి రంగు తీసే పద్ధతి దక్షిణ భారతంలో ఉండేది కాబట్టే, రంగునిచ్చేది అనే అర్థం వచ్చే లాటిన్ మాట దాని శాస్త్రీయ నామంలో చేరింది. బొమ్మల పనిలో మాత్రం దాని విలువ కర్రలో ఉంది. ఆ కర్ర దంతపు రంగులో, మెత్తగా, సన్నని పోగుతో, స్పష్టమైన చారలు లేకుండా ఉంటుంది. ఉలి ఏ వైపు నుంచి తగిలినా పెచ్చులు లేవకుండా నునుపుగా చెక్కుడు పడుతుంది. తెల్లని ఒళ్లు కావడం వల్ల పలుచని పూత కూడా తన అసలు రంగులో కనిపిస్తుంది. కర్ణాటకలోని చెన్నపట్నం లక్క బొమ్మలకూ ఇదే కర్ర వాడడం యాదృచ్ఛికం కాదు. తిరిగే కర్ర మీద లక్క పూసే పనికి ఇంతకంటే అనువైన ఒళ్లు దక్షిణ భారతంలో సులభంగా దొరకదు.

కోసిన కర్రను వెంటనే వాడరు. బెరడు తీసి, నెలల తరబడి నీడన ఆరబెట్టి, లోపలి తేమ పూర్తిగా పోయాకే పనికి తీసుకుంటారు. తేమ మిగిలిన కర్ర పూత పడ్డాక కూడా ఆరుతూ ముడుచుకుంటుంది; పైనున్న లక్క గట్టి పొర కనుక ఆ ముడుతను అనుసరించలేక పగుళ్లు తీస్తుంది. అందువల్ల రంగు నిలవడం, నిలవకపోవడం అనేది రంగు వేసే రోజున కాక, కర్ర ఆరే నెలల్లోనే చాలావరకు నిర్ణయమవుతుంది.

కర్ర చరిత్ర అడవి చరిత్ర నుంచి వేరు కాదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం తరువాత మన్యంలో రిజర్వు అడవులు ఏర్పడి, పోడు మీదా అటవీ ఫలసాయం మీదా ఆంక్షలు పెరిగాయి. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు వేసిన రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్లతో చాలీచాలని కూలికి చేయించిన చాకిరీ, ఈ ఆంక్షలతో కలిసి, అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో 1922 నుంచి 1924 వరకు సాగిన మన్యం తిరుగుబాటుకు కారణాలయ్యాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. కొండ కర్ర మీద, కొండ సరుకు మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న మైదానంలోని ఒక చిన్న బొమ్మల ఊరికి దూరపు విషయంగా కనిపించవచ్చు గానీ, అడవి నుంచి వచ్చే ముడిసరుకు మీద బతికే ప్రతి వృత్తికీ అది ప్రాణప్రదమైన ప్రశ్నే.

లక్క

లక్క ఒక పురుగు చేసే పదార్థం. కెర్రియా లక్కా అనే శాస్త్రీయ నామం గల ఈ సూక్ష్మ కీటకం మోదుగ, రేగు, కుసుమ వంటి చెట్ల లేత కొమ్మల మీద గుంపుగా అతుక్కుని, రసం పీల్చి, తనను తాను కాపాడుకోవడానికి ఒంటి చుట్టూ జిగురు పొరను కూర్చుకుంటుంది. పొరలన్నీ కలిసి కొమ్మను తొడుగులా కప్పేశాక కొమ్మలు కోసి, ఆ తొడుగును గీకి తీసి, దంచి, కడిగి, కరిగించి వడకడతారు. కడిగినప్పుడు నీటిలోకి దిగే ఎర్రని పదార్థం లక్క రంగు. మిగిలే జిగురు లక్క. స్త్రీలు పాదాలకు పూసుకునే లత్తుకకు ఆధారం ఈ ఎర్రని రంగే. ఒకే పురుగు నుంచి బట్టకు అద్దే రంగూ, కర్రకు పూసే జిగురూ రెండూ రావడం వల్ల, భారతదేశంలో లక్క ఎంతో పాత వ్యాపార సరుకుగా నిలిచింది. మహాభారతంలోని లక్క ఇల్లు కథ ఆ పదార్థం త్వరగా అంటుకుంటుందనే గుణాన్ని ప్రతి తెలుగు ఇంటికీ పరిచయం చేసింది.

పత్తొమ్మిదో శతాబ్దపు మొదటి భాగంలో ఐరోపాకు ఎగుమతి అయిన లక్కలో రంగుకే ఎక్కువ గిరాకీ ఉండేది. 1856లో విలియం పెర్కిన్ తొలి కృత్రిమ రంగును తయారుచేసిన తరువాత తారు నుంచి తీసే రసాయన రంగులు ఒక్కొక్కటిగా మార్కెట్లోకి రావడంతో లక్క రంగు వ్యాపారం కుప్పకూలింది. జిగురు మాత్రం నిలిచింది. చెక్క సామానుకు మెరుగు పెట్టడానికీ, విద్యుత్ పరికరాలకూ, వినైల్ రాకముందు గ్రామఫోను రికార్డులకూ ప్రపంచమంతా లక్కనే వాడింది. ఈ సరుకు ప్రాముఖ్యం వల్లే 1924లో రాంచీ సమీపంలోని నామ్‌కుమ్‌లో లక్క పరిశోధనకు ప్రత్యేక సంస్థ ఏర్పడింది.

బొమ్మల పనికి లక్కలోని రెండు గుణాలు కీలకం. మొదటిది, అది సుమారు 65 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ మధ్యనే మెత్తబడి కరుగుతుంది కాబట్టి బొగ్గుల కుంపటితోనూ, రాపిడి వల్ల పుట్టే వేడితోనూ దాన్ని లొంగదీసుకోవచ్చు. రెండోది, అది నీటిలో కరగదు. సారాలోనూ క్షార ద్రవాల్లోనూ కరుగుతుంది. అందుకే లక్క పూసిన వస్తువు తడి చేతికి చెదరదు, మరిగే నీటికి మాత్రం తట్టుకోలేదు.

తిరిగే కర్ర మీద పూత

పూత వేసే విధానంలో ఈ వృత్తి ప్రత్యేకత అంతా ఉంది. ముందుగా లక్కను కుంపటి మీద మెత్తబరిచి, అందులో రంగు పొడిని వేసి, సుత్తితో కొడుతూ, సాగదీస్తూ, మడుస్తూ, మళ్లీ వేడిచేస్తూ రంగు అంతటా సమంగా కలిసేవరకు పిసుకుతారు. ఈ పని సరిగా జరగకపోతే పూతలో చుక్కలు, చారలు తేలతాయి. తయారైన ముద్దను కడ్డీలుగా సాగదీసి చల్లారుస్తారు. పనివాడి పక్కన ఒక్కో రంగుకు ఒక్కో కడ్డీ ఉంటుంది.

కర్రను లేత్‌కు బిగించి తిప్పుతూ ఉలులతో ఆకారం తెస్తారు. విద్యుత్తు రాకముందు ఒకరు తాడు లాగుతూ కర్రను తిప్పగా మరొకరు ఉలి పట్టేవారు. తాడు ముందుకూ వెనక్కూ లాగుతుండగా కర్ర కూడా రెండు దిక్కులకూ తిరిగేది. విద్యుత్ మోటారు వచ్చాక వేగం పెరిగి, ఒక్కరే పని చేయడం సాధ్యమైంది. ఆకారం కుదిరి నునుపు తేలాక, తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీని ఆనించి నొక్కుతారు. రాపిడి వేడికి కడ్డీ కొస కరిగి కర్రకు అంటుకుంటుంది. చేతి ఒత్తిడి ఎక్కువైతే లక్క ముద్దగా పేరుకుంటుంది, తక్కువైతే ముక్కలుగా అతికి ఖాళీలు మిగులుతాయి. చివర్లో ఎండిన మొగలి రేకును పూత మీద ఒత్తి పట్టుకుంటారు. నారతో గట్టిగా ఉండే ఆ రేకు పూతను మళ్లీ కాస్త కరిగించి, అంతటా సమంగా పరిచి, అద్దం మెరుపు తెస్తుంది. ఇందులో కుంచె లేదు, ఆరేదాకా వేచి ఉండడం లేదు; మొగలి రేకు తీసిన క్షణానికే వస్తువు చేతికి తీసుకోవడానికి సిద్ధం. పట్టెలు, వలయాలు, అంచులు అన్నీ కర్ర తిరుగుడులోంచే పుడతాయి కాబట్టి, ఏటికొప్పాక అలంకారమంతా గుండ్రని రేఖల అలంకారం.

ఈ పద్ధతిలో తయారైనవి బొంగరాలు, గిలకలు, కుంకుమ భరిణెలు, చిన్న వీణలు, పల్లకీలు, దేవుడి బొమ్మలు, అన్నిటికంటే ముఖ్యంగా లక్కపిడతలు. పొయ్యి, కుండ, గరిటె, చెంబు, తిరగలి, రోలు ఇవన్నీ అరచేతిలో ఇమిడేంత పరిమాణంలో ఉండే ఈ సామానుతో ఆడపిల్లలు గుజ్జనగూళ్లు ఆడుకునేవారు. సంక్రాంతి బొమ్మల కొలువులో ఇవి ఒక మెట్టును ఆక్రమించేవి. ఈ వస్తువులు పిల్లల చేతుల్లోనే కాక నోళ్లలోకి కూడా వెళతాయన్న సంగతి ఈ చరిత్రలో తరువాతి మలుపుకు మూలం.

అడుగు మారితే పూత మారుతుంది

ఏటికొప్పాక పద్ధతి ఎందుకు అలా రూపొందిందో, పక్క ప్రాంతాల రంగు పనులతో పోల్చినప్పుడు స్పష్టమవుతుంది. కొండపల్లి బొమ్మకు తెల్ల పొణికి కర్ర ఆధారం. అది చాలా తేలికైనది, మెత్తనిది. విడిగా చెక్కిన అవయవాలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికించి, పైన సుద్ద పూసి, ఆ తెల్లని పొర మీద కుంచెతో రంగు వేస్తారు. చేర్యాల ముసుగులకూ బొమ్మలకూ చింతగింజల జిగురే ప్రాణం. నిర్మల్‌లో కూడా పొణికి కర్రే గానీ, ఇరవయ్యో శతాబ్దంలో అక్కడి పనివారు కార్ల కోసం తయారైన డ్యూకో రంగులను తమ మెరుగుకు అనువుగా మార్చుకున్నారు. ఇవన్నీ కుంచె పనులు: అడుగు పొర వేరు, రంగు పొర వేరు, మెరుగు పొర వేరు. ఏటికొప్పాకలో ఈ మూడూ ఒకే లక్క పొరలో ఒదిగాయి. గుండ్రంగా తిరగని ఆకారానికి లక్క పద్ధతి పనికిరాదు. చేతులు చాచిన మనిషి బొమ్మకు కొండపల్లి పద్ధతే తగినది. ఆకారమే పూతను ఎంచుకుంది.

వేషధారణ వస్తువుల్లోనూ ఇదే నియమం కనిపిస్తుంది. భాగవత ప్రదర్శనల్లో నటుడు గంటల తరబడి ధరించే కిరీటాలకూ భుజకీర్తులకూ బూరుగు వంటి తేలిక చెక్కను ఎంచుకునేవారు. తల మీద బరువు తగ్గడమే అక్కడ మొదటి అవసరం. గోదావరి ప్రాంతపు బుట్టబొమ్మలు తల నుంచి భుజాల దాకా మనిషిని కప్పే ముసుగులు కాబట్టి, వాటికి గడ్డి, పొట్టు, పేడ వంటి తేలిక పదార్థాలతో ఒళ్లు కట్టి పైన రంగు వేస్తారు. నేటి కాలంలో రాజుల, వీరుల వేషాలకు వాడే ఫైబర్‌గ్లాస్ శిరస్త్రాణం ఈ వరుసలో చివరిది. గాజు నూలు పరిచి దాని మీద పాలియెస్టర్ జిగురు పోసి అచ్చులో గట్టిపరిచే ఈ పదార్థం కర్రలా రంగును పీల్చుకోదు. అచ్చుకు అంటుకోకుండా పూసిన మైనం దాని ఒంటి మీద మిగిలి ఉంటుంది. దాన్ని సబ్బు నీటితో కడిగి, థిన్నర్‌తో తుడిచి, వాటర్ పేపర్‌తో రుద్ది గరుకు తెచ్చి, సూది రంధ్రాలను లప్పంతో పూడ్చి, ప్రైమర్ కొట్టాకే రంగు పట్టుకుంటుంది. శిరస్త్రాణం తొడిగేటప్పుడూ తీసేటప్పుడూ అంచులు కొద్దిగా వంగుతాయి కనుక మందంగా వేసిన పూత అక్కడ చిట్లుతుంది. పలుచని పొరలు కొన్ని, ఒకదాని తరువాత ఒకటి ఆరనిచ్చి వేయడమే మార్గం. ముఖానికి ఆనుకుని ఉండే వస్తువు కాబట్టి, రంగులోని ద్రావణి వాసన పూర్తిగా పోయేదాకా దాన్ని ధరించకూడదు. అంకుడు కర్రకూ ఫైబర్‌గ్లాస్‌కూ మధ్య శతాబ్దాల దూరం ఉన్నా, పనివాడు వేసుకోవలసిన నాలుగు ప్రశ్నలు మారలేదు.

పాత రంగులు, రసాయన రంగులు

రసాయన రంగులు రాకముందు లక్కలో కలిపినవన్నీ మొక్కల రంగులే అనే నమ్మకం ప్రచారంలో ఉంది గానీ, అది పూర్తి నిజం కాదు. భారతదేశపు లక్క పనుల్లో పసుపు రంగుకు హరిదళం, ఎరుపుకు ఇంగిలీకం వాడిన సంప్రదాయం బలంగా ఉండేది. హరిదళం పాషాణపు సమ్మేళనం, ఇంగిలీకం పాదరసపు సమ్మేళనం. రెండూ భూమి నుంచి దొరికే సహజ ఖనిజాలే, రెండూ విషాలే. ఖనిజపు రంగులను ఎంచుకోవడానికి కారణం కూడా సులభంగానే అర్థమవుతుంది: అవి వేడికి చెక్కుచెదరవు, మెత్తగా నూరితే లక్కలో సమంగా కలిసిపోతాయి. మెరుపు, మన్నిక, సులభంగా కలిసే గుణం అన్నీ ఒకేచోట ఉన్న పదార్థాన్ని ఏ పనివాడైనా ఎంచుకుంటాడు. దానిలోని విషం తరతరాల అనుభవానికి అంత తేలికగా అందేది కాదు.

అదే తర్కం ఇరవయ్యో శతాబ్దంలో రసాయన రంగు పొడులను ఈ పనిలోకి తెచ్చింది. అవి చవక, ఎప్పుడు కొన్నా ఒకే ఛాయ, మైదానపు ఏ పట్టణంలోనైనా దొరికేవి. పసుపు, నారింజ, ఎరుపు ఛాయలకు ప్రపంచమంతా వాడిన రంగుల్లో సీసపు క్రోమేట్లు ముఖ్యమైనవి. దిగుబడి పెరిగి, ధర తగ్గి, బొమ్మ జాతర అంగళ్లకూ పట్టణపు దుకాణాలకూ చేరింది. కానీ ప్లాస్టిక్ బొమ్మ రంగంలోకి దిగాక ధర విషయంలో కర్ర బొమ్మ పోటీ పడలేకపోయింది. చవక రంగు వల్ల దొరికిన లాభం ఆ విధంగా కొద్దికాలమే నిలిచింది.

సీసం ప్రశ్న

సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుందనీ, కొద్ది మోతాదు కూడా హానికరమేననీ వైద్యశాస్త్రం నిర్ధారించాక, బొమ్మల మీది రంగు ప్రభుత్వాల పరిశీలనలోకి వచ్చింది. అమెరికా 1978లో ఇళ్లకు, బొమ్మలకు వేసే రంగుల్లో సీసాన్ని పది లక్షల భాగాలకు 600 భాగాలకు పరిమితం చేసింది. 2008 నాటి చట్టంతో ఆ పరిమితిని 90 భాగాలకు తగ్గించింది. ఐరోపా సమాజం 1988లో బొమ్మల భద్రతపై ఆదేశం తెచ్చి, రంగు పొరల నుంచి బయటికి వచ్చే భార లోహాలకు పరిమితులు విధించింది. భారతదేశంలో గృహావసర రంగులకు 90 భాగాల పరిమితి 2016 నాటి నిబంధనల ద్వారా 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. 1990ల నుంచి విదేశీ కొనుగోలుదారులు ప్రయోగశాల నివేదికలు అడగడం మొదలుపెట్టారు. అంతవరకు కన్నుతో, చేతితో పరీక్షించే వస్తువు ఇక అంకెలతో పరీక్షకు నిలబడవలసి వచ్చింది.

ఈ ఒత్తిడిని విదేశీ అడ్డంకిగా మాత్రమే చూడడం సరికాదు. లక్కపిడత నోట్లో పెట్టుకునేది ఏ దేశపు పిల్లయినా ఒకటే. ఎగుమతి కోసం వచ్చిన ప్రశ్న చివరికి ఇంటి పిల్లలకే మేలు చేసింది.

మొక్కల రంగు, కొత్తగా

ఏటికొప్పాకలో ఈ ప్రశ్నకు సమాధానం వెతికినవారిలో చింతలపాటి వెంకటపతి రాజు పేరు ముందు నిలుస్తుంది. సి.వి. రాజుగా ప్రసిద్ధుడైన ఆయన, ఊరి పనివారితో కలిసి మొక్కల నుంచి రంగులు తీసి లక్కలో నిలబెట్టే ప్రయోగాలకు దశాబ్దాలు వెచ్చించారు. ఆ కృషికి 2023లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

ఆ ప్రయోగాల కష్టం ఎక్కడుందో రసాయన నియమాలు చూపిస్తాయి. వస్త్రానికి రంగు అద్దే కలంకారీ వంటి విద్యలు తెలుగు నేలకు కొత్త కాదు; పెడనలోనూ శ్రీకాళహస్తిలోనూ మొక్కల రంగుల జ్ఞానం సజీవంగా ఉంది. కానీ బట్ట రంగు నీటిలో కరిగి నూలులోకి ఇంకుతుంది. లక్క నీటిని దరిచేరనివ్వదు. బట్టకు పనికొచ్చిన కషాయాన్ని లక్కలో పోస్తే అది కలవకుండా విడిపోతుంది, లేదా ఆవిరై బుడగలు తెస్తుంది. కాబట్టి ప్రతి మొక్క రంగునూ దాని స్వభావాన్ని బట్టి లక్కకు తగిన రూపంలోకి మార్చవలసి ఉంటుంది. పసుపు కొమ్ములోని రంగు పదార్థం నీటిలో కరగదు, సారాలో కరుగుతుంది కాబట్టి లక్కతో సులభంగా కలుస్తుంది. జాఫ్రా గింజల పైపొరలోని నారింజ రంగు ప్రధానంగా నూనెలో కరిగేది. విశాఖ మన్యంలో పండే ఈ గింజ ఏటికొప్పాకకు కొండ నుంచి దిగివచ్చిన వరం. నీలి నీటిలో కరగని మెత్తని పొడిగా ఉంటుంది కనుక ఖనిజపు రంగులా నూరి కలపవచ్చు. పసుపుతో చేరితే అది ఆకుపచ్చనిస్తుంది. నీటిలో కరిగే ఎరుపు, గోధుమ రంగులకు మాత్రం పటిక వంటి లోహ లవణం తోడు కావాలి. కషాయంలో పటిక వేసి తగిన క్షారంతో విరగ్గొడితే రంగు ముద్దగా అడుగుకు దిగుతుంది. దాన్ని వడకట్టి ఆరబెట్టి నూరితే నీటిలో కరగని పొడి తయారవుతుంది. కరక్కాయలోని వగరు పదార్థం ఇనుప లవణమైన అన్నభేదితో కలిసినప్పుడు నల్లని రంగు పుడుతుంది.

ఈ రంగులకు పరిమితులూ ఉన్నాయి. పసుపు రంగు ఎండ తగిలితే వెలుస్తుంది. లక్కను ఎక్కువ వేడిచేస్తే మొక్కల రంగులు మాడి మట్టి ఛాయకు దిగుతాయి. పంట మారితే, నేల మారితే ఛాయ మారుతుంది. అందువల్ల కుంపటి వేడిని అదుపులో ఉంచడం మునుపటి కంటే ముఖ్యమైంది. రసాయన రంగుల కాలంలో పనివాడు కొని తెచ్చుకున్న పొడిని కలిపేవాడు. మొక్కల రంగుల కాలంలో రంగు తయారీ కూడా అతని వృత్తిలో భాగమైంది. మునుపటి తరాలు ఎన్నడూ లిఖితపూర్వకంగా భద్రపరచని పాళ్లను, వేడిని, కాలాన్ని మళ్లీ కొలిచి స్థిరపరచుకోవలసి వచ్చింది. ఎరుపులు, మెత్తని పసుపులు, కాస్త మసక పచ్చలతో బొమ్మ రూపురేఖలు కూడా మారాయి. నేడు ఏటికొప్పాక అనగానే కళ్లకు కట్టే ఆ నెమ్మదైన రంగుల వరుస ఈ కొత్త విద్య ఇచ్చినదే.

గుర్తింపు, కర్ర కొరత

2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఒక ప్రాంతపు నేలతో, నైపుణ్యంతో ముడిపడిన సరుకు పేరును ఇతరులు వాడుకోకుండా కాపాడే చట్టపు రక్షణ అది. 2020 ఆగస్టు 30న ప్రధానమంత్రి రేడియో ప్రసంగం మన్ కీ బాత్‌లో ఈ బొమ్మలనూ సి.వి. రాజు కృషినీ ప్రస్తావించారు. అదే ఏడాది కేంద్ర ప్రభుత్వం బొమ్మల నాణ్యతపై ఉత్తర్వు తెచ్చి, 2021 జనవరి 1 నుంచి భారత ప్రమాణాల గుర్తును తప్పనిసరి చేసినప్పుడు, నమోదైన హస్తకళాకారుల బొమ్మలకూ భౌగోళిక గుర్తింపు ఉన్న వాటికీ సవరణ ద్వారా మినహాయింపు ఇచ్చింది. చిన్న కుంపటి మీద పనిచేసే ఇంటికి ఖరీదైన పరీక్షల భారం తగ్గించడం దాని ఉద్దేశం. 2025 జనవరి 26న ఢిల్లీ గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలనే ప్రదర్శించి రాష్ట్రాల శకటాల్లో మూడో బహుమతి పొందింది.

మినహాయింపు దొరికిన చోట బాధ్యత ఎక్కువవుతుంది. ప్రభుత్వ పరీక్ష లేనప్పుడు రంగు స్వచ్ఛతకు పనివాడి మాటే హామీ. మార్కెట్లో మొక్కల రంగు అన్న పేరుతో చవక రసాయన పొడి కలిసిన బొమ్మ వస్తే, దశాబ్దాల శ్రమతో కూడగట్టుకున్న నమ్మకం ఆ ఒక్క బొమ్మతో ఊరంతటికీ దెబ్బతింటుంది. మరో వైపు కర్ర దొరకడమే కష్టమవుతోంది. చిన్న చెట్టు కావడం వల్ల అంకుడు నుంచి పనికొచ్చే కొమ్మ కొద్దిగానే వస్తుంది; కొట్టినంత వేగంగా అది తిరిగి పెరగదు. రంగు విషయంలో సాధించిన గెలుపు కర్ర విషయంలో ఓటమిగా మారకుండా ఉండాలంటే, పొలం గట్ల మీదా బంజరు భూముల్లోనూ అంకుడును నాటడం, అడవిలో దాన్ని కాపాడే గిరిజనులకు న్యాయమైన ధర అందించడం తప్పనిసరి. కొండవాళ్ల కష్టానికి న్యాయమైన ప్రతిఫలం అన్న మాట నర్సీపట్నం పరిసరాల్లో వంద ఏళ్ల కిందట తిరుగుబాటుకు దారితీసిన మాట. నేడు అది బొమ్మల పని మనుగడకు కూడా మొదటి షరతు.

లక్క కడ్డీ పట్టిన చెయ్యి అంచనా వేసే వేడినీ, ఒత్తిడినీ ఏ పుస్తకమూ పూర్తిగా చెప్పలేదు. అది పక్కన కూర్చుని నేర్చుకోవలసినదే. కానీ రంగు తీసే పాళ్లు, పటిక మోతాదు, ఏ గింజ ఏ నెలలో కోస్తే ఏ ఛాయ ఇస్తుందన్న వివరాలు రాసి ఉంచదగినవి, రాసి ఉంచవలసినవి. హరిదళం నుంచి సీసపు క్రోమేటుకూ, అక్కడి నుంచి జాఫ్రాకూ సాగిన ఈ ప్రయాణంలో ఒక తరం నేర్చుకున్నది తరువాతి తరానికి అక్షరాల్లో అందలేదు. ప్రతిసారీ మొదటి నుంచి వెతకవలసి వచ్చింది. ఏటికొప్పాక పనివారి రంగుల లెక్కలు తెలుగులో, వారి మాటల్లో, వారి పేరున నమోదు కావడం ఆ వృత్తికి దక్కవలసిన తరువాతి గౌరవం. పూత వేసే ముందు వస్తువు ఒళ్లు తెలుసుకోవాలని, రంగు ఎంచుకునే ముందు దాన్ని తాకే పిల్లను తలచుకోవాలని ఆ ఊరు తన కష్టంతో నేర్చుకున్న పాఠం, బొమ్మకైనా శిరస్త్రాణానికైనా, రంగు చేతపట్టే ప్రతివారికీ ఉపయోగపడుతుంది.